అడ్మిన్‌గా నేను చెరిపేసినవి

కామారెడ్డి స్టేషన్ రోడ్డులోని ఒక కళ్ళద్దాల దుకాణంలో నేను చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. ముందు గదిలో మా సేఠు కళ్ళు పరీక్ష చేసి చీటీ రాస్తాడు. వెనక గదిలో నేను అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెడతాను. రోజంతా మిషను చప్పుడు, చేతులకు తడి, ఒంటి మీద తెల్లటి పొడి. ఊరందరికీ చూపు బాగుచేస్తూ నేను మాత్రం కిటికీ లేని గదిలో కూర్చుంటానని మా ఆవిడ ఎగతాళి చేసేది.

వర్చువల్ రియాలిటీ అన్న మాట నేను మొదట విన్నది ఆ గదిలోనే. హైదరాబాదులో చదువుకుంటున్న ఒకతను దసరా సెలవులకు వచ్చి, అట్టతో చేసిన పెట్టె ఒకటి తెచ్చాడు. దానికి భూతద్దాల్లాంటి రెండు లెన్సులున్నాయి. ఒకటి ఊడిపోయింది.

"అన్నా, జర గిది అతికించియ్యి" అన్నాడు.

అతికించి ఇచ్చాను. అతను అందులో ఫోను దూర్చి, ఎలా ఉంటుందో చూడమని నా ముఖానికి పెట్టాడు. నేను నీళ్ళ అడుగున ఉన్నాను. ఒక చేప నా చెవి పక్కనుంచి పోయింది. తల తిప్పితే అది నా వెనకాల ఈదుతోంది. దాన్ని చూద్దామని ఒక అడుగు వెనక్కి వేశాను, స్టూలు తగిలి కింద పడ్డాను. సేఠు ముందు గదిలోంచి పరుగున వచ్చాడు. నేను నేల మీద కూర్చుని నవ్వుతున్నాను.

ఆ తర్వాత నాకు వేరే ధ్యాస లేదు. దుకాణానికి వచ్చే అట్టపెట్టెలు కోసి, లెన్సులు తెప్పించి, సొంతంగా పెట్టెలు చేశాను. కళ్ళ మధ్య దూరం కొలవడం, లెన్సు పవరు చూడటం నాకు చేతనైన పనే. చేతకానిది ఫోను లోపలి వ్యవహారం. అడుగుదామంటే ఇంటర్నెట్లో ఉన్నదంతా ఇంగ్లీషులో ఉంది. నాలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉండకపోతారా అని తెలుగులో ఒక గ్రూపు పెట్టాను. మొదటి నెలంతా అందులో నేను, మా తమ్ముడు, పొరపాటున చేరిన ఒక బట్టల వ్యాపారి ఉన్నాం. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. నస్రుల్లాబాద్‌లో మోటార్లకు వైండింగ్ చేసే ఒకాయన చెప్పుల డబ్బాతో పెట్టె చేసి, పాత హెల్మెట్ పట్టీతో తలకు కట్టుకుని ఫొటో పెట్టాడు. దానికి వచ్చిన మెచ్చుకోళ్ళు చూసి ఆయన వారంపాటు ఆ ఫొటోనే మళ్ళీ మళ్ళీ పెట్టాడు.

గ్రూపు పెరిగింది. పెరిగితే గొడవలూ వస్తాయి కదా. నేను నియమాలు రాశాను. బూతులు వద్దు, రాజకీయాలు వద్దు, సినిమా లింకులు వద్దు, ఒకసారి అడిగింది మళ్ళీ అడగొద్దు. పొద్దున బస్సులో, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు, మిషను చల్లారేలోపు, ఎప్పుడు వీలైతే అప్పుడు ఫోను తీసి కొత్తవాళ్ళను చేర్చుకునేవాణ్ణి, చెత్త తీసేసేవాణ్ణి. అందరూ "అడ్మిన్ అన్నా" అనేవారు. దుకాణంలో సేఠు మాట, ఇంట్లో మా నాయన మాట చెల్లేవి. నా మాట చెల్లిన చోటు అదొక్కటే. ఈ సంగతి ముందే ఒప్పుకోవాలి. తర్వాత జరిగినదానికి అదీ ఒక కారణం.

గ్రూపుకు అసలు ప్రాణం నేను కాదు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక ఇంజనీరు. ఏ ఫోనులో ఏది పని చేస్తుంది, బొమ్మ వణికితే ఏం చేయాలి, తల తిరిగితే ఏం మార్చాలి, అన్నీ తెలుగులో వివరంగా రాసి పెట్టింది అతనే. ఎవరు ఏం అడిగినా పది నిమిషాల్లో జవాబిచ్చేవాడు. నోరు కొంచెం దురుసు. తెలియక అడిగినవాళ్ళను వెక్కిరించేవాడు. కానీ అతను లేకపోతే గ్రూపు లేదని నాకు భయం. అందుకని అతని వెక్కిరింపులు నా నియమాల కిందికి రాలేదు.

ఆమె వచ్చింది ఆ రోజుల్లోనే. ఫొటో బదులు ఒక గులాబీ బొమ్మ. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది: "నమస్తే. మాది ఎల్లారెడ్డి. పెట్టెల ఫోన్ పెట్టిన. బొమ్మ వచ్చింది గని తలకాయ తిప్పితె బొమ్మ తిరుగుతలేదు. ఏం జెయ్యాలె?"

తల కదలికను పసిగట్టే సెన్సారు ఆ ఫోనులో లేదు, ఫోను మారిస్తే తప్ప కుదరదు. ఆ మాటే చెప్పాను. "సరే అన్నా" అని ఊరుకుంది. మూడు నెలల తర్వాత మళ్ళీ వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న భర్త, సెలవు మీద వస్తున్న ఊరివాళ్ళ చేతికి కొత్త ఫోను ఇచ్చి పంపాడట. "ఇప్పుడు తిరుగుతున్నది" అని రాసి, పక్కన చేతులు జోడించిన బొమ్మ పెట్టింది.

తర్వాత నాకు విడిగా ఒక మెసేజ్ పంపింది. అది తన కోసం కాదని, తన అత్త కోసమని. ఆ అత్త జీవితమంతా బీడీలు చుట్టింది. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది, మంచం దిగలేదు. ఈమె పగలు జిరాక్స్ సెంటర్లో పని చేసి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇంటికి పోయి ఆమెను చూసుకుంటుంది.

"అత్తమ్మకు పెట్టె పెట్టిన అన్నా. పొగ లెక్క కనవడుతుందంటది" అని రాసింది.

అది నా విద్య. వయసెంతో, ఏ కంటికి ఆపరేషన్ అయిందో అడిగాను. ఎడమ కంట్లో శుక్లం తీశారు, కుడి కంట్లో ఇంకా ఉంది. కుడివైపు లెన్సు మూసేసి, ఎడమవైపుకు నేను పంపే లెన్సు పెట్టమన్నాను. చిన్న డబ్బాలో దూది వేసి, ఎల్లారెడ్డి బస్సు కండక్టరు చేతికిచ్చి జిరాక్స్ సెంటర్‌కు పంపాను. మర్నాడు మధ్యాహ్నం జవాబు వచ్చింది: "మంచిగ కనవడుతుందట. నీ కడుపు సల్లగుండ అన్నది."

ఏం చూసిందంటే, ఎవరో విదేశీయులు తీసిన మంచుకొండలు. రెండు రోజులకే ముసలామెకు అవి విసుగొచ్చాయి. "ఈ మంచుల నాకేం పని? మన చర్చి సూపియ్యి" అందట.

అప్పుడు ఆమె చుట్టుఫొటోలు నేర్చుకుంది. మేము గ్రూపులో పెట్టుకున్న పేరు అది. ఒకచోట నిలబడి, ఫోను పట్టుకుని, మెల్లగా తన చుట్టూ తాను తిరుగుతూ, పైకీ కిందికీ చూపుతూ ముప్పై నలభై ఫొటోలు తీస్తే, ఫోను వాటన్నిటినీ అతికించి ఒక గోళంలా చేస్తుంది. పెట్టెలో చూస్తే నువ్వు దాని మధ్య నిలబడినట్టు ఉంటుంది. తీసేటప్పుడు మనుషులు కదిలితే మాత్రం అతుకు తప్పుతుంది. సగం మనిషి మాయమవుతాడు, లేదంటే ఇద్దరవుతాడు.

ఆమె ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మధ్యలో నిలబడి తీసింది. పాస్టరుగారు తల తిప్పారు కాబోలు, రెండు తలలు వచ్చాయి. ఆ ఫొటో గ్రూపులో పెట్టి ఆమే రాసింది: "మా పాస్టరయ్యకు రెండు తలకాయలు వచ్చినయ్. అత్తమ్మ సూసి నవ్వలే. తలకాయ వంచి ఆమెన్ అన్నది. పెట్టె తీస్తుంటె తియ్యనియ్యలే."

గ్రూపంతా ఆ ఫొటోను నెత్తిన పెట్టుకుంది. తర్వాత వరసగా వచ్చాయి. నాట్లు వేస్తున్న మడిలో గట్టు మీద నిలబడి తీసింది. అంగడి మధ్యలో తీసింది. తమ వీధి బోరింగు దగ్గర తీసింది. ప్రతి ఫొటోతో పాటు అత్తమ్మ ఏమన్నదో రాసేది. బోరింగు దగ్గర నిలబడ్డ పక్కింటామెను చూసి ముసలామె, "అట్ల నిలవడ్డవేందే, లోపలికి రా" అన్నదట. నాట్లు చూస్తూ, ఆ నారు కట్ట అంత దూరంగా వేయొద్దని కూలీలను తిట్టిందట. మాకు ఫొటోల కన్నా ఆ మాటలే ముఖ్యమయ్యాయి. దుకాణంలో మధ్యాహ్నం అన్నం తింటూ, ఇవాళ అత్తమ్మ ఎక్కడికి పోయిందా అని చూసేవాణ్ణి.

ఇంజనీరుకు ఇది నచ్చలేదు. మొదట అతుకుల మీద పడ్డాడు. "ఇది వీఆర్ గ్రూపా, రెండు తలల సర్కసా?" అన్నాడు. కొందరు నవ్వారు. ఆమె "నేర్చుకుంటున్న సార్, ఎట్ల తియ్యాల్నో చెప్పుండ్రి" అని మర్యాదగానే అడిగింది. అతను నేర్పుతానని విడిగా మెసేజులు పెట్టడం మొదలుపెట్టాడు. ఒక వారం తర్వాత ఆమె నాకు రాసింది.

"అన్నా, ఆ సార్ మెసేజులు మంచిగ లెవ్వు. ఫొటో పెట్టుమంటున్నడు. అత్తమ్మది కాదు, నాది. మీ ఆయన ఊర్ల లేడు గద అంటున్నడు."

నేను "బ్లాక్ చెయ్యి చెల్లె" అని రాశాను. అంతకన్నా సులువైన మాట అడ్మిన్లకు ఇంకొకటి లేదు.

ఇంజనీరుకు ఫోను చేశాను కూడా. "అరె భాయ్, జోక్ చేసిన, దానికే ఆమె నీకు చెప్పిందా?" అని నవ్వాడు. "ఒక్క మాట చెప్తా ఇను. ఊర్ల జిరాక్స్ సెంటర్ల పనిచేసే ఆడామె గిన్ని చుట్టుఫొటోలు తీస్తదా? అది ఆడమనిషే గాదు. ఎవడో ఆడుకుంటున్నడు మనతోని."

నాకు ఆమె ఎవరో తెలుసు. జిరాక్స్ సెంటర్ చిరునామాకు లెన్సులు పంపినవాణ్ణి నేనే. అప్పుడే "తప్పు, నాకు తెలుసు" అనాలి. "సరే, గ్రూపుల మాత్రం గొడవ వద్దు" అని ఫోను పెట్టేశాను.

మూడో రోజు అతను గ్రూపులోనే రాశాడు, ఇది దొంగ ఖాతా అని, జాలి కథలు చెప్పి మెచ్చుకోళ్ళు కొట్టేస్తున్నారని. వెంటనే రెండు జట్లయ్యాయి. నస్రుల్లాబాద్ ఆయన ఆమె వైపు. కొత్తగా చేరిన కుర్రకారు అంతా ఇంజనీరు వైపు. మిషను మీద అద్దం పెట్టి ఫోను చూస్తే అరవై మెసేజులు, తీసి చూస్తే నూరు. సేఠు రెండుసార్లు కసురుకున్నాడు. ఎలాగైనా ఈ రచ్చ ఆగాలన్నది తప్ప నాకు వేరే ఆలోచన లేదు. ఆమెకు రాశాను: "చెల్లె, ఒక్క వాయిస్ మెసేజ్ గ్రూపుల పెట్టు. అందరి నోర్లు మూతపడ్తయి."

"నువ్వు గూడ నమ్ముతలేవా అన్నా?" అని వచ్చింది.

"నేను నమ్ముతున్న. వాళ్ళ కోసం" అన్నాను.

ఆమె పెట్టింది. ఇరవై సెకన్లు కూడా ఉండదు. "నమస్తే. నేను ఎల్లారెడ్డి నుండి మాట్లాడుతున్న. ఫొటోలు నేనే తీసిన. నేను ఎవర్ని మోసం జెయ్యలే." ఆ మాటల వెనకాల మంచం మీదనుంచి ముసలామె గొంతు, ముద్ద ముద్దగా, కానీ స్పష్టంగా అర్థమయ్యేలా వినిపించింది: "పెట్టె పెట్టు పిల్లా. చర్చికి పోదాం. టైమైంది."

నేను అనుకున్నట్టే నోళ్ళు మూతపడ్డాయి, ఒక్క పూట. మర్నాడు ఎవరో ఆ చివరి మాటల్ని మాత్రం కత్తిరించి, వెనక డప్పు మోత కలిపి, మళ్ళీ మళ్ళీ వచ్చేలా చేసి గ్రూపులో వేశారు. ఎవరు చేశారో ఈనాటికీ నాకు ఖాయంగా తెలియదు. మొదట నవ్వింది మాత్రం ఇంజనీరే.

ఆ రోజు నేను మా ఊరి పక్క రాజంపేటలో ఉన్నాను, మా మేనమామ కొడుకు పెళ్ళి. భోజనాల బంతిలో కూర్చుని ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది. నేనూ నవ్వాను. ఆ ముద్దమాట, ఆ డప్పు మోత కలిసి వినిపించగానే నవ్వు వచ్చేసింది. పక్కన కూర్చున్న బావమరిది "ఏందది?" అంటే అతనికీ వినిపించాను. అన్నం సగం తిన్నాక ఆ గొంతు ఎవరిదో నాలోకి దిగింది. తీసేద్దామని ఫోను పట్టుకున్నాను, ఈలోపు ఫొటోకు రమ్మని పిలిచారు. సాయంత్రం తీయొచ్చులే అనుకున్నాను.

సాయంత్రం బస్సులో కూర్చుని శుభ్రం చేశాను. ఒక్కొక్కటీ చూసే ఓపిక లేదు. ఆమె పేరుతో ముడిపడ్డ తగాదా అంతా ఒక్కసారి ఎంచి చెరిపేశాను. అందరికీ కలిపి ఒక హెచ్చరిక రాశాను: "ఇరువైపులా తప్పు ఉంది. ఇకపై ఈ విషయం ఎత్తితే తీసేస్తాను." ఇరువైపులా అని రాశాను. ఇంజనీరును తీసేయలేదు.

ఆమె అప్పటికే గ్రూపులోంచి వెళ్ళిపోయింది. నాకు విడిగా ఒక్క మాట ఉంది: "నువ్వు పెట్టుమంటెనే పెట్టిన అన్నా."

ఆ మెసేజు చూసి ఫోను జేబులో పెట్టుకున్నాను. రేపు రాద్దామనుకున్నాను. రెండు రోజులకు ఆ గులాబీ బొమ్మ మాయమైంది, ఆమె ఖాతాయే లేదు. ఎల్లారెడ్డి మాకు గంటన్నర దారి. జిరాక్స్ సెంటర్ పేరు, చిరునామా నా దగ్గరున్నాయి. నేను పోలేదు. పోయి ఏం చెప్తాను, ఆమె ఇంట్లో ఏమనుకుంటారు అని నాకు నేనే అడ్డం చెప్పుకున్నాను. అందులో కొంత నిజమూ ఉంది, అదే నాకు ఆసరా అయింది.

గ్రూపు ఆ తర్వాత రెండేళ్ళు నడిచింది, నడిచింది అనడానికి. ఇంజనీరుకు అసలైన హెడ్‌సెట్ వచ్చింది, అట్టపెట్టెల వాళ్ళతో అతనికి పనిలేక వెళ్ళిపోయాడు. ఎవరిని పోగొట్టుకోవద్దని నేను ఇరువైపులా తప్పని రాశానో అతను పోతూ చెప్పి కూడా పోలేదు. మిగిలినవాళ్ళు ఫోన్లలో ఆటల్లో పడ్డారు. అప్పుల యాప్‌ల ప్రకటనలు, లాటరీ లింకులు వచ్చేవి. వాటిని తీసేస్తూ ఉండేవాణ్ణి.

ఒక ఎండాకాలం మా సేఠు ఎల్లారెడ్డిలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని కంటి పరీక్షల శిబిరం పెట్టాడు. నేను అద్దాల పెట్టెలు సర్దుకుని బస్సెక్కాను. తాడ్వాయి, లింగంపేట దాటేదాకా రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. బస్సు రెండో పక్కనుంచి మెల్లగా పోతోంది. శిబిరానికి వచ్చినవాళ్ళలో బీడీలు చుట్టే ఆడవాళ్ళు చాలామంది. సూదిలో దారం ఎక్కడం లేదని, ఆకు అంచు కనబడటం లేదని చెప్తున్నారు. ఒక్కొక్కరి చేతివేళ్ళు చూస్తూ, ఆమె అత్త ఇక్కడే ఎక్కడో ఉండాలి అనుకున్నాను. మధ్యాహ్నం అన్నానికి లేచినప్పుడు సేఠుతో, "జర బయటికి పోయొస్త" అని చెప్పి జిరాక్స్ సెంటర్ వెతుక్కుంటూ పోయాను.

బస్టాండు దాటాక ఉంది. మిషను ముందు నిలబడి ఒకామె ఎవరివో పట్టా పాసుపుస్తకం కాగితాలు తీస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయి. మెడలో చిన్న సిలువ. "ఎన్ని కాపీలు?" అని రైతును అడిగింది. ఆ ఒక్క మాటతో గుర్తుపట్టాను.

రైతు పోయేదాకా ఆగి, "చెల్లె, నేను కామారెడ్డి నుంచి వచ్చిన. కళ్ళద్దాల దుకాణం. గ్రూపు అడ్మిన్ను" అన్నాను.

ఆమె మిషను మూత వేసింది. కాగితాల కట్ట ఒకటి సరిచేసి పెట్టింది. నేను తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను.

"కూసో అన్నా" అని స్టూలు చూపించింది. "లెన్సు పంపినవ్ గద. గప్పుడు నీకు థాంక్స్ గూడ సక్కగ చెప్పలే."

"అత్తమ్మ ఎట్లున్నది?"

"పోయింది. పోయిన వానకాలం ముందటి వానకాలం."

ఆమే చెప్పుకుపోయింది, ఎవరి మీదా కోపం లేనట్టు, ఎవరో అడిగిన ఫారం నింపుతున్నట్టు. ఆ డప్పు మోత ముక్క మా గ్రూపుతో ఆగలేదు. నేను పెళ్ళిలో కూర్చున్న పూటలోనే పది గ్రూపులకు పోయింది. అట్లా తిరిగి తిరిగి గల్ఫ్‌లో మన జిల్లావాళ్ళుండే గదికి చేరింది. అందరూ పెట్టుకుని నవ్వుతుంటే ఆమె భర్త పని నుంచి వచ్చాడు. తల్లి గొంతు గుర్తుపట్టాడు.

"ఏడ్సిండన్నా ఫోన్ల. నన్ను తిట్టలే ముందుగాల. మా అమ్మను గట్ల నవ్వుకుంటుంటె ఇన్న, గామె నా తల్లి అని చెప్పలేకపోయిన అని ఏడ్సిండు. తర్వాత తిట్టిండు. ఫోన్ మా ఆడబిడ్డకియ్యుమన్నడు. ఇచ్చిన. ఏం జేస్త?"

"అత్తమ్మకు చెప్పినవా?"

"ఏమని చెప్త? పెట్టె ఖరాబైందని చెప్పిన. గప్పటి సంది తొమ్మిది నెలలు బతికింది. ఆదివారం ఆదివారం అడిగేది, బాగైందా పిల్లా అని. కామారెడ్డికి పంపిన, బాగు చేస్తున్నరు అని చెప్పేది నేను." ఆమె నా వైపు చూసి వెంటనే చూపు తిప్పుకుంది. "చర్చోళ్ళు ఇంటికొచ్చి ప్రార్థన చేసేటోళ్ళు. మంచోళ్ళే. గని ఆమెకు ఇల్లు దాటాలని ఉండె."

నేను అన్నాను, "తప్పు నాదే చెల్లె. వాడు ఎసుంటోడో నాకు తెలుసు. నువ్వు చెప్పినవ్. అయినా వాణ్ణి తియ్యలే. నిన్ను వాయిస్ పెట్టుమన్న. అది ఇని నేను గూడ నవ్విన."

చివరి మాట చెప్పాల్సిన పని లేదు. కానీ అది దాచి మిగతాది ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు కాదనిపించింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"నువ్వు గూడనా?" అంది.

ఒక ఆమె రేషన్ కార్డు జిరాక్స్‌కు వచ్చింది. తీసి ఇచ్చి పంపింది. తర్వాత నా వైపు తిరిగి, గొంతు మార్చి అడిగింది.

"అన్నా, నా ఫొటోలు గ్రూపుల ఉన్నయా? ఫోన్ల ఉన్నయన్ని మా ఆడబిడ్డ తీసేసింది. ఒక దాంట్ల అత్తమ్మ ఉండె. మా ఇంట్ల తీసినది. ఆమె మంచం మీద కూసొని నన్నే సూస్తుంటది. చెయ్యి అతుకు తప్పింది, గని మొఖం మంచిగొచ్చింది. ఆమెది వేరే ఫొటో లేదన్నా. ఆధార్‌ది ఒక్కటే ఉన్నది."

ఆ ఫొటో నాకు గుర్తుంది. ఇంజనీరు ఆ చెయ్యి మీద కూడా ఏదో అన్నాడు, దాని కిందే తగాదా అంతా సాగింది. బస్సులో నేను ఎంచి చెరిపేసిన వాటిలో మొదటిది అదే. మిగతా చుట్టుఫొటోలూ అన్నీ ఆ తగాదాలతోనే పోయాయి. చర్చి, నాట్లు, బోరింగు, అన్నీ.

"లెవ్వు చెల్లె. గొడవ ఆగాలని అన్ని తీసేసిన" అన్నాను.

ఆమె తల ఊపింది. "నువ్వు తీసేసినవా" అంది. అది ప్రశ్న కాదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, "శిబిరం కాడ నీకోసం సూస్తుంటరు, పో అన్నా" అంది.

కామారెడ్డికి వచ్చాక పాత సభ్యులందరికీ రాశాను, ఎవరైనా ఆ ఫొటోలు తమ ఫోనులోకి దించుకుని పెట్టుకున్నారా అని. గ్రూపులోనూ రాశాను, ఏం జరిగిందో, అందులో నా పాలు ఎంతో. దాన్ని ఏడుగురు చూశారు. ఒకరు బొటనవేలు గుర్తు పెట్టారు. విడిగా రాసినవాళ్ళలో సగం మందికి నేనెవరో గుర్తు లేదు. ఇంజనీరుకూ రాశాను. అతను మర్యాదగానే జవాబిచ్చాడు, ఒళ్ళో పాప ఉన్న ఫొటో పెట్టుకున్నాడు. "అయ్యో, అప్పటివి ఏమీ లేవండీ. అసలు ఆ గొడవేంటో నాకు సరిగా గుర్తు లేదు" అన్నాడు. అబద్ధం చెప్తున్నాడని నాకనిపించలేదు. నిజంగానే మరిచిపోయాడు.

నస్రుల్లాబాద్ ఆయన దగ్గర ఒకటి దొరికింది. అంగడి ఫొటో. తన తల్లికి చూపిద్దామని అప్పట్లో దించుకున్నాడట. పాత ఫోనుకు బ్యాటరీ వేయించి మరీ వెతికి పంపాడు.

మరుసటి వారం దుకాణానికి సెలవు పెట్టి మళ్ళీ ఎల్లారెడ్డి పోయాను. ఆమె నా ఫోను చేతిలోకి తీసుకుని, వేలితో బొమ్మను మెల్లగా చుట్టూ తిప్పింది. మిరపకాయల కుప్పలు, చేపలమ్మే ఆమె, గొడుగు కింద గాజులు, సగం మాయమైన ఒక సైకిలు. ఒక చుట్టు తిరిగి మొదటికి వచ్చింది.

"గిండ్ల అత్తమ్మ లేదు" అంది.

"లేదు చెల్లె."

"ఈ గాజులామె దగ్గర ఆగి, రేటు అడుగు పిల్లా అన్నది నాతోని. పెట్టెల నుంచే." ఇంకోసారి తిప్పింది. "పంపు అన్నా. మా ఆయన వచ్చే నెల వస్తున్నడు. ఆయనకు సూపిస్త, మీ అమ్మ గిక్కడ గూడ తిరిగింది అని."

ఆమె కొత్త నంబరు చెప్పింది. పంపాను. చేరిందో లేదో చూసుకుంది. ఈలోపు ముగ్గురు బడిపిల్లలు హాల్ టికెట్లు తీయమని వచ్చి గల్లా ముందు నిలబడ్డారు. ఆమె లేచి మిషను దగ్గరికి పోయింది. నేను పోయొస్తానని చెప్పి బస్టాండు వైపు నడిచాను.